బరువు పెరిగిన రాయి

కాటా మేస్త్రి మందుబిళ్ళ ముట్టకుండా బీపీని పచ్చరసంతో దించేశాడని ఎదురింటి ఇస్త్రీ ఆవిడ కూరల బండి అతనితో అందట. అని ఊరుకోలేదట. మేస్త్రి ఇంట్లో తలుపు వెనక ఒక అట్ట వేలాడుతోందనీ, దాని మీద తొంభై రోజుల అంకెలు వరసగా రాసి ఉన్నాయనీ, నూట డెబ్భై నుంచి నూట ఇరవై ఎనిమిదికి మెట్లు దిగినట్టు దిగిందనీ, తాను కళ్ళారా చూశాననీ కూడా చెప్పిందట. నిజానికి ఆవిడ చూసింది కిటికీలోంచి, అదీ అట్ట వెనకవైపు. కానీ చెప్పేవాళ్ళకి ఆ మాత్రం చొరవ లేకపోతే వినేవాళ్ళకి ఏం రుచి?

కూరల బండి అతను ఇదంతా కాజాలావిడకి అప్పజెబుతూ రెండు కొత్తిమీర కట్టలు ఉత్తినే సంచిలో వేశాడు. కాజాలావిడంటే మేస్త్రి భార్యే. చొక్కాలు కుట్టే షాపువాళ్ళకి ఇంట్లో కూర్చుని కాజాలు తీసి, బొత్తాలు కుట్టి ఇస్తుంది. వీధిలో ఆమెకి వేరే పేరుందన్న సంగతి ఎప్పుడో మర్చిపోయారు.

"మీ పుణ్యమా అని కొత్తిమీరకి గిరాకీ పెరిగిందమ్మా. దోసకాయలు కూడా. పొద్దున్నే మిక్సీల చప్పుడే చప్పుడు" అన్నాడతను.

"మంచిదేగా" అంది కాజాలావిడ.

"మీ ఆడపడుచు గారు కూడా మొదలెట్టారటగా. అదే, బొత్తాల కొట్టావిడ. బిళ్ళలన్నీ పక్కన పడేసి ఇవాళ్టికి ఎనిమిది రోజులంట. ఇస్త్రీ ఆవిడే చెప్పింది."

కాజాలావిడ చెయ్యి సంచిలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. అతను ఇంకా ఏదో అంటున్నాడు. ఆమెకి పెదవులు కదలడమే కనిపిస్తోంది. కూరలు తీసుకుని పది అడుగులు వేశాక గానీ దోసకాయలు బండి మీదే వదిలేశానని గుర్తురాలేదు. గుర్తొచ్చినా వెనక్కి వెళ్ళలేదు.

అసలు ఈ గొడవంతా ఆరు అనే అంకె దగ్గర మొదలైంది. నాలుగు నెలల కిందట మేస్త్రి పని చేస్తూ చేస్తూ కళ్ళు తిరిగి కూలబడితే, కాజాలావిడ బతిమాలీ బెదిరించీ వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి, రబ్బరు బంతి నొక్కి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని విని, "నూట డెబ్భై" అంది. "బిళ్ళ రాస్తున్నాను. రోజూ వేసుకోవాలి. బాగుంది కదా అని మానకూడదు."

మేస్త్రి ఆ మాటలేవీ వినలేదు. గాలంతా పోయాక ఆ గుండ్రటి మీటరులో ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తూ కూర్చున్నాడు. సున్నా దగ్గర ఆగాల్సిన ముల్లు ఆరు దగ్గర ఆగింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ మనిషి పని అదే. కొట్లకీ, మిల్లులకీ, బంగారం అంగళ్ళకీ తిరిగి కాటాలు బాగుచేస్తాడు. ఏ కాటానైనా ముందు ఖాళీగా పెట్టి చూస్తాడు. ఖాళీ కాటా సున్నా చూపించకపోతే దాని మీద ఏం పెట్టినా దండగని అతని లెక్క. బయటికొచ్చి మెట్ల మీదే తేల్చేశాడు.

"సున్నా దగ్గర నిలబడని ముల్లు అది. అలాంటి కాటా కొట్లో కనబడితే సీలు పీకి పక్కన పెడతాను. దాన్ని నమ్మి జీవితాంతం బిళ్ళలు మింగమంటావా?"

"ఆరే కదండీ. నూట డెబ్భైలో ఆరు పోతే మాత్రం మిగిలేది తక్కువా?"

"ఇవాళ ఆరు. రేపు అరవై. చెడిన కాటా ఎంత చెడిందో నువ్వు చెప్తావా?"

సొంతంగా బీపీ మెషిన్ కొన్నాడు. కొని ఊరుకుంటే అతను మేస్త్రి ఎందుకవుతాడు? రెండు మందుల షాపులకి తీసుకెళ్ళి వాళ్ళ మెషిన్లతో పోల్చి చూసుకున్నాడు. అదీ నూట డెబ్భై అనే చెప్పింది. "చూశారా, డాక్టరమ్మ చెప్పిందే చెప్పింది" అంది కాజాలావిడ ఆశగా. "తప్పు కాటా కూడా ఒక్కోసారి ఒప్పు బరువు చూపిస్తుంది. అంతమాత్రాన దానికి ముద్ర వేస్తామా?" అన్నాడు. పార్కులో పొద్దున్నే నడిచే డ్రాయింగ్ మాస్టారొకాయన, తినడం వల్ల వచ్చింది తినడం వల్లే పోవాలని చెప్పి పచ్చరసం నేర్పాడు. దోసకాయ, కొత్తిమీర, నిమ్మకాయ. ఉప్పు సగానికి సగం. పొద్దున గంట నడక. మేస్త్రి అన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. పది రోజుల్లో నూట అరవైకి దిగింది. దిగి అక్కడే బండరాయిలా కూర్చుంది.

పన్నెండో రోజు పొద్దున కాటా మీదకి వంగి పని చేసుకుంటున్న మనిషికి ముక్కులోంచి రక్తం కారి ఇత్తడి పళ్ళెంలో పడింది. అతను తుడిచేసి, వేడి చేసిందన్నాడు. ఆమె మాత్రం సూదుల డబ్బాలో దాచిన మందుచీటీ తీసుకుని రెండు వీధులవతల షాపుకి వెళ్ళింది.

మర్నాడు పొద్దున రసంలో కలపడానికి చూస్తే బిళ్ళ గోటిలో సగం ఉంది. చెంచాతో నొక్కితే ఎగిరి స్టవ్ కిందకి పోయింది. రోట్లో వేస్తే మిరియాల వాసన, పైగా చప్పుడు. ఏం చేయాలా అని చూస్తుంటే బల్ల మీద అతని రాళ్ళ పెట్టె కనిపించింది. రాళ్ళంటే ఇత్తడివి. నీలం మఖమలు గుంటల్లో పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా పడుకుని ఉంటాయి. కాటా సరిచేశాక ఆ రాళ్ళు పెట్టి చూస్తాడు. వాటిని అతను కూడా వేళ్ళతో ముట్టుకోడు, తోలుముక్కతో పట్టుకుంటాడు, చెమట తగిలితే బరువు మారుతుందని. వంద గ్రాముల రాయికి పైన బుడిపె ఉంది, సరిగ్గా ఆమె గుప్పిట్లో ఇమిడింది. గుడ్డపేలికతో పట్టుకుని స్టీలు సాసరులో రెండుసార్లు నొక్కింది. బిళ్ళ పిండైపోయింది. నిమ్మకాయ పులుపులో చేదు తెలియలేదు. అతను నడక నుంచి వచ్చి గటగటా తాగి, గ్లాసు చేతికిచ్చి, "ఇవాళ బాగా కుదిరింది" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ కుదురుతూనే ఉంది. నూట యాభై, నూట నలభై, నూట ముప్ఫై. అంకె దిగినకొద్దీ మేస్త్రి గొంతు పెరిగింది. కాటా బాగుచేయడానికి వెళ్ళిన ప్రతి కొట్లోనూ పచ్చరసం ప్రసంగమే. కాజాలావిడకి మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత ఉక్రోషం వచ్చింది. గెలిచింది తను, ఊరేగింపు కొత్తిమీరకి. చెప్పేద్దామని చాలాసార్లు అనుకుంది. పదో రోజున చెప్పి ఉంటే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు అట్ట నిండిపోయి రెండో అట్ట మొదలైంది. అతను రాసే ప్రతి అంకెతోనూ ఆమె నోటికి ఇంకో కుట్టు పడుతోంది.

ఆ నోటితోనే ఇప్పుడు ఆడపడుచు కొట్టుకి నడుస్తోంది.

బొత్తాల కొట్టు నడవా అంత ఇరుకు. రెండు గోడలకీ కింది నుంచి పైదాకా అట్టపెట్టెలు, ఒక్కోదాని మొహాన లోపలున్న రకం బొత్తం ఒకటి కుట్టి ఉంటుంది. ఆ బొత్తాల మధ్య మేస్త్రి అక్క, కాజాలావిడకి పెద్ద వదిన, స్టూలు మీద కూర్చుని మొత్తం వీధిని చూస్తూ ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆమెకి మూతి వంకర పోయింది. వారం రోజులు పెద్దాసుపత్రిలో ఉండి సర్దుకుంది. అప్పట్నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండు రకాల బిళ్ళలు. వాటిని ఏడు గదుల బొత్తాల డబ్బాలో వారం వారం సర్దుకునేది. ఆ డబ్బా ఇప్పుడు పై అరలో జిప్పుల వెనక ఉంది.

"రా పిల్లా. తెల్లవి, నాలుగు కన్నాలవేనా?"

"బొత్తాలకి రాలేదు వదినా. బిళ్ళలు మానేశారటగా?"

"ఎవరు మోశారు? ఆ ఇస్త్రీదేనా? దాని పెట్టె చల్లారినా నోరు చల్లారదు."

"నిజమేనా మరి?"

"నిజం కాక. రెండేళ్ళుగా మింగుతున్నా. కాళ్ళు చూడు, ఎలా ఉబ్బాయో. అన్నం గడ్డి తిన్నట్టుంది. వాడు చూస్తే ఒక్క బిళ్ళ ముట్టకుండా కుర్రాడిలా వీధులు కొలుస్తున్నాడు. నాకేం ఖర్మ?"

"ఆయన ఒళ్ళు వేరు, మీ ఒళ్ళు వేరు వదినా. మీకు ఒకసారి వచ్చి పోయింది కదా. డాక్టరమ్మని అడిగి..."

"ఎవరూ, ఆ ఆరు డాక్టరమ్మనా?" పెద్ద వదిన కిసుక్కున నవ్వింది. "ముల్లు సంగతి తమ్ముడు చెప్పాడులే. ఒళ్ళు వేరేంటే, ఒక్క కడుపున పుట్టాం. చిన్నప్పుడు వాడికి దగ్గొస్తే నాక్కూడా పట్టించేది మా అమ్మ, ముందుజాగ్రత్తగా. వాడికి పనిచేసింది నాకు పనిచేయదా?"

కాజాలావిడ కౌంటరు మీద చెదిరిన బొత్తాలని రంగుల వారీగా కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది. ఎవరూ పెట్టమనలేదు.

"నాకొకటి అర్థం కాదు పిల్లా" అంది పెద్ద వదిన, ఆ వేళ్ళకేసే చూస్తూ. "మొగుడు బాగుపడితే ఎవరైనా సంతోషిస్తారు. నువ్వేమో పచ్చరసం పేరెత్తితే మొహం ముడుచుకుంటావు. రోజూ చేసిచ్చేది నువ్వేగా?"

"నేనే."

"మరి నువ్వేం వేస్తావో అదే వేస్తున్నా. దోసకాయ, కొత్తిమీర, నిమ్మకాయ. నేను మర్చిపోయింది ఇంకేమైనా ఉంటే చెప్పు."

ఉంది. ఆ మాట గొంతు దాటి నాలుక కొన దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఒకావిడ లోపలికొచ్చి నల్ల జిప్పు అడిగింది, ఎనిమిది అంగుళాలది. పెద్ద వదిన లేచి కొలిచి ఇచ్చి, మళ్ళీ కూర్చుని, కనుబొమలెగరేసింది. ఆ కాసేపట్లో కాజాలావిడకి అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మేస్త్రి మొహం, తలుపు వెనక అట్ట, కొట్లలో అతని ప్రసంగాలు, రేపు వీధంతా నవ్వే నవ్వు.

"ఇంకేం లేదు వదినా" అంది. అని, వెంటనే, "మీరు ఒక్కరికోసం ఏం తిప్పలు పడతారు? రేపట్నుంచి మీ రసం కూడా నేనే చేసి తెస్తాను" అంది.

పెద్ద వదిన మొహం వెలిగింది. అటు తిరిగి బొత్తాల పెట్టె దించుతుండగా, జిప్పుల వెనకున్న డబ్బాలోంచి కాజాలావిడ రెండు రకాల బిళ్ళలూ ఒక్కోటి తీసి రుమాల్లో మూటగట్టింది. దొంగతనం ఇంత సులువని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

మందుల షాపు అతనికి అవి చూపించి, నూరి ఇవ్వొచ్చా అనడిగింది. అతను కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఈ చిన్నది పర్లేదు. ఇది మాత్రం నూరకూడదండీ. పూతబిళ్ళ ఇది, రోజంతా మెల్లగా కరగాలి. పొడి చేస్తే మొత్తం ఒక్కసారే దిగుతుంది. మనిషి పడిపోవచ్చు. ఇంతకీ నూరడం ఎందుకు, మింగలేరా?"

"మింగలేరు."

"అయితే డాక్టర్ని అడగండి. నన్ను కాదు."

వెనక్కి వస్తూ ఆమె ఆ రెండు బిళ్ళల్నీ గుప్పిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఇంటికొచ్చేసరికి చెమటకి పూత కరిగి అరచేతికి గులాబీ రంగు అంటింది. తొంభై రోజుల్లో మొదటిసారి ఆమెకి ఇంకో అనుమానం కూడా వచ్చింది. మేస్త్రిది పూతబిళ్ళ కాదని తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తను అడగనే లేదు.

ఇంట్లో మేస్త్రి నేల మీద నాలుగు కాటాలు పరుచుకుని మధ్యలో కూర్చున్నాడు. ఆమె లోపలికి రాగానే తలెత్తకుండా అన్నాడు.

"బంగారం కొట్టాయన కబురు పంపాడు. నేను సరిచేసి వెళ్ళినప్పట్నుంచి ఆయన కాటా తక్కువ చూపిస్తోందట. ఆయనొక్కడేనా, మొత్తం ముగ్గురు. ముగ్గురి దగ్గరా నా వంద గ్రాముల రాయే పెట్టాను."

కాజాలావిడ నీళ్ళ చెంబు మళ్ళీ కింద పెట్టేసింది.

"రాయి తూచి చూశాను. నలభై మిల్లీగ్రాములు ఎక్కువుంది" అన్నాడు. రాయిని తోలుముక్కలో ఇటూ అటూ తిప్పుతున్నాడు. "రాయి అరగడం చూశాను. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని రాళ్ళు అరిగాయో. పెరగడం చూడలేదు. ఇత్తడి ఎక్కడైనా తిని బలుస్తుందా?"

రాయి అడుగున చిన్న గుంట, గుంటలో సీసం. బరువు సరిచేయడానికి పోసేది. సీసం పాతబడితే తెల్లబడుతుంది కాబట్టి ఆ తెలుపు అతనికి తేడాగా కనిపించలేదు. కాజాలావిడకి కనిపించింది. సాసరు మీద తను పట్టి నొక్కిన అడుగు అది.

"నా కళ్ళు పోయుంటాయి. లేకపోతే చెయ్యి వణుకుతోందేమో. రేపు తూనికల ముద్రలాఫీసులో ఇచ్చి చూపిస్తాను. వాళ్ళూ ఎక్కువుందంటే ఇక మానేస్తాను ఈ పని." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "పొద్దున అక్క దగ్గరికి మెషిన్ పట్టుకెళ్తున్నా. అక్కకీ ఒక అట్ట మొదలుపెట్టాలి."

"అక్కని బిళ్ళలు మానొద్దనండి."

"ఎందుకు?"

"నాకు భయంగా ఉంది."

"ఎంత భయం? భయానికి కొలతుందా? చూపించు, రాసుకుంటాను" అన్నాడు నవ్వబోతూ. నవ్వు సగంలో ఆగి అతని చూపు మళ్ళీ రాయి మీదకి పోయింది.

ఆమె చొక్కా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఎడమవైపు తీయాల్సిన కాజా కుడివైపు తీసేసింది. ఇంకో చొక్కాకి తీస్తే అదీ కుడివైపే వచ్చింది. లేచింది, కూర్చుంది, అన్నం పొయ్యి మీద పెట్టి మంట వెలిగించడం మర్చిపోయింది. పొద్దున చెబుతాను, ముందు వదినకే చెబుతాను, ఈయనకి వదినే చెబుతుంది అని ఒకసారి. కాదు, ఈయనకే చెప్పాలి అని ఇంకోసారి. తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లుతూనే ఉంది.

పొద్దున లేచి చూస్తే రాళ్ళ పెట్టె బల్ల మీద లేదు. ముద్రలాఫీసు కోసం అతను అప్పుడే సంచిలో సర్దేశాడు. ఆ రోజు రసంలో దోసకాయ, కొత్తిమీర, నిమ్మకాయ తప్ప ఇంకేం పడలేదు. అతను తాగి, "బాగా కుదిరింది" అన్నాడు.

ఇద్దరూ కలిసే బొత్తాల కొట్టుకి వెళ్ళారు. అప్పుడే తలుపు తీసిన పెద్ద వదిన తల పట్టుకుని కూర్చుని ఉంది. "కొంచెం బరువుగా ఉందిరా, అంతే" అంది. మేస్త్రి కౌంటరు మీద కొత్త అట్ట పరిచి, గీతలు గీసి, పట్టీ చుట్టి మీట నొక్కాడు. మెషిన్ బుసకొట్టి ఆగింది. నూట తొంభై ఆరు.

అట్ట మీద పెన్ను ఆగింది.

"కదిలావు నువ్వు. మళ్ళీ."

మళ్ళీ నూట తొంభై నాలుగు. మేస్త్రి పట్టీ విప్పి తన చేతికి చుట్టుకున్నాడు. నూట ముప్ఫై రెండు. కాజాలావిడ చేతికి చుట్టాడు. నూట నలభై ఎనిమిది.

"నీకెందుకింత?" అన్నాడు ఆశ్చర్యంగా. ఆమె పట్టీ తనే పీకేసుకుంది.

"మెషిన్ మంచిదే" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా, తనలో తను. "అక్కా, రసం వడగడుతున్నావా? వడగడితే సారం పోతుంది. పిప్పితో సహా తాగాలి. రేపట్నుంచి..."

"ఒరే, పొద్దుట్నుంచి ఈ చెయ్యి తిమ్మిరిగా ఉందిరా" అంది పెద్ద వదిన. ఎడమచేత్తో కౌంటరు మీద బొత్తాన్ని తీయబోయింది. వేళ్ళు దాని మీద జారాయి. మళ్ళీ తీయబోయింది. నలభై ఏళ్ళుగా చూడకుండా బొత్తాలు ఎంచే చెయ్యి, అంత పెద్ద కోటు బొత్తాన్ని పట్టలేకపోయింది. అది దొర్లి కింద పడి గుమ్మం దాకా పోయింది.

"పిప్పి కాదు" అంది కాజాలావిడ.

మేస్త్రి తలెత్తి చూశాడు.

"దించింది పిప్పీ కాదు, కొత్తిమీరా కాదు. మీ రసంలో బిళ్ళ ఉంది. డాక్టరమ్మ రాసిందే. రోజూ నూరి కలిపాను. మీకు ముక్కులోంచి రక్తం కారిన మర్నాటి నుంచి, నిన్నటిదాకా. వదినా, మీ రసంలో అది లేదు. నిన్న మీరడిగినప్పుడు ఇంకేం లేదన్నాను. ఉంది. లేవండి, డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

ఇంత పొడుగు మాట ఆమె ఒక్క ఊపిరిలో ఎప్పుడూ అనలేదు. సంచిలోంచి సగం ఖాళీ అయిన బిళ్ళల అట్ట తీసి కౌంటరు మీద పెట్టింది. మేస్త్రి దాన్ని చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ఖాళీ గుంటల్ని వేలితో తడిమాడు. చివరికి అతని నోట వచ్చిన మొదటి మాట ఇదీ.

"దేంతో నూరావు?"

"వంద గ్రాముల రాయితో."

అతను సంచి తెరిచాడు. పెట్టె తెరిచాడు. రాయిని తోలుముక్క లేకుండా ఉత్త చేత్తోనే తీసి బోర్లించాడు. కౌంటరు మీద గుండుసూది ఒకటి తీసుకుని అడుగున గుంట అంచున గీకాడు. తెల్లటి పొడి కొత్త అట్ట మీద రాలింది. మళ్ళీ గీకాడు. ఇంకాస్త రాలింది. ముప్ఫై ఏళ్ళ పని మీద పడిన అనుమానం పోయిందన్న తేలిక ఒక్క క్షణం అతని మొహాన కనిపించింది. ఆ వెనకే ఇంకేదో వచ్చి దాన్ని కప్పేసింది.

"ఒరే తమ్ముడూ" అంది పెద్ద వదిన. "రాయి తర్వాత గీక్కుందువుగానీ. ముందు నన్ను లేపు."

ఆటోలో కాజాలావిడ వదిన ఎడమచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూనే ఉంది. కొట్టు తలుపు వేశామో లేదో కూడా ఎవరికీ గుర్తులేదు.

డాక్టరమ్మ వాళ్ళని వరసలో కూర్చోనివ్వలేదు. పెద్ద వదినని నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది, తన వేలు పట్టుకోమంది. పట్టీ చుట్టింది, రబ్బరు బంతి నొక్కింది, వింది. "నూట తొంభై" అంటూనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి బండి పంపమంది. "చెయ్యి తిమ్మిరి ఎప్పట్నుంచి? సరిగ్గా చెప్పండి. స్కాన్ తీయాలి. అప్పటిదాకా నోట్లో ఏమీ వేయకండి, బిళ్ళ కూడా వద్దు, నీళ్ళు కూడా వద్దు."

మేస్త్రి మీటరుకేసి చూస్తున్నాడు. గాలి పోయి ముల్లు ఆరు దగ్గర ఆగింది, నాలుగు నెలల కిందట ఆగినచోటే.

"ఇది ఆరు మీద నిలబడుతోందండీ" అన్నాడు. ఉండబట్టలేకపోయాడు.

"తెలుసు" అంది డాక్టరమ్మ చీటీ రాస్తూనే. "ఆరు తీసేసే చెప్తాను. మీ అక్కగారిది నూట తొంభై ఆరులో ఆరు తీసేసి చెప్పాను. ఆ రోజు మీదీ అంతే, నూట డెబ్భై ఆరులో తీసేసి."

"మరి ఆ మాట నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా. లేచి వెళ్ళిపోయారు."

ఆ రోజు తన ఇంటి మెషిన్ కూడా నూట డెబ్భై అని ఎందుకు చూపించిందో మేస్త్రికి ఇప్పుడు తెలిసింది. కాటా పైన తను పెట్టే ప్రతి అనుమానానికీ ఒక జవాబుండేది, ముప్ఫై ఏళ్ళుగా. ఈ ముల్లు సంగతి మాత్రం డాక్టరమ్మని అడగనే లేదు.

కాజాలావిడ తొంభై రోజుల సంగతి డాక్టరమ్మకి చెప్పేసింది. డాక్టరమ్మ రాయడం ఆపి ఆమెకేసి చూసింది. "ఉప్పు తగ్గించడం, నడవడం మంచివే. దోసకాయ రసం తాగితే ఎవరికీ నష్టం లేదు. కానీ మనిషికి తెలియకుండా మందు పెట్టడం ఏంటండీ? వేరేచోట ఎవరైనా ఇంకో బిళ్ళ ఇచ్చి ఉంటే? ఆయన కళ్ళు తిరిగి రోడ్డు మీద పడి ఉంటే ఎవరికి తెలిసేది, ఎందుకు పడ్డాడో?"

కాజాలావిడ తలొంచుకుంది. వదిన పూతబిళ్ళ కూడా నూరబోయిన సంగతి మాత్రం చెప్పలేదు. నూరలేదు కాబట్టి చెప్పే అవసరం కూడా లేకపోయింది.

బయట వరండాలో పెద్ద వదినని బెంచీ మీద పడుకోబెట్టారు. బండి పది నిమిషాల్లో వస్తుందన్నారు. మేస్త్రి గేటు దాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. జేబులో వంద గ్రాముల రాయి అతని తొడకి తగులుతూ ఉంది. నాలుగోసారి వచ్చినప్పుడు కాజాలావిడ ఎదురుగా ఆగాడు.

"తొంభై రోజులు" అన్నాడు. గొంతు పెద్దగా లేదు. "నేను తాగుతుంటే ఎదురుగా నిలబడి చూశావు. బాగా కుదిరిందని నేనంటే నవ్వావు కూడా."

"చెబితే వేసుకునేవారా?"

"అది వేరే సంగతి."

"వేరే సంగతి ఎలా అవుతుందండీ?"

"నేను కాటాని నమ్మను, డాక్టర్ని నమ్మను, ఎవర్నీ నమ్మను, నీకు తెలుసు. నీ చేతి గ్లాసు మాత్రం చూడకుండా తాగాను. ఇంక రేపట్నుంచి మంచినీళ్ళిచ్చినా అడుగు దాకా చూసుకుని తాగాలా? నిన్ను నమ్మానే నేను."

బెంచీ మీద పెద్ద వదిన కళ్ళు తెరిచింది. కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళని ఒక్కొక్కటిగా మడుస్తోంది. మడిచిన వేలు మడిచిన వెంటనే మళ్ళీ విచ్చుకుంటోంది.

"నేనూ నిన్నే నమ్మాన్రా, తొమ్మిది రోజులు. ఇదిగో, నా వేళ్ళు మడత పడట్లేదు."